చెక్కుబందీ

తప్పెట మోగింది పొద్దున పదకొండుకి.
ఎర్రగుంట్ల నాలుగురోడ్ల కాడ
కొత్తిమీర బేరమాడుతున్నా నేను.
పెండ్లిది కాదు, చావుది కాదు ఆ దెబ్బ.
ఇచ్చే కూలికి ఎంతో అంత కొట్టి ఆపినాడు.
పక్కన అమీనా, కండ్లద్దాలు ముక్కు మింద జారుతుంటే
కాగితం చదివినాడు:

తూర్పు, దస్తగిరి రేకుల షెడ్డు.
పడమర, సిమెంటు ఫ్యాక్టరీకి పోయే లారీల దారి.
ఉత్తరం, పుల్లక్క ఖాళీ జాగా.
దక్షిణం, మురుగు కాలువ.
ఈ మధ్యలో ఉండే మూడు సెంట్లు, రెండు రూములు,
నాపరాయి కోత మిషను ఒకటి, చెడిపోయినది,
డిక్రీదారు లక్ష్మీనరసమ్మకు రావలసిన
మనోవర్తి బకాయి కింద...

డిక్రీదారు!
ఎవరబ్బా ఆ ఆడమనిషి అని
నేనే వెనక్కి తిరిగి చూసినా.

మనోవర్తి అంటే ఏందని
మొదటి వాయిదా నాడు ప్రొద్దుటూరు కోర్టు మెట్ల మింద అడిగితే
వకీలు గుమాస్తా నవ్వినాడు,
"మనువు పోయినాక మిగిలే వర్తి లేమ్మా" అని.
వర్తి అంటే వత్తి అని నాకు తెలుసు.
నెలకు నాలుగు వేల నూనె.
యాభై ఏడు నెలలు పోయలేదు.

ఓబులేసు అబద్ధం ఆడలేదు, ఒక్క మాటలో తప్ప.
టైల్సు వచ్చి నాపరాయి పడిపోయింది, నిజమే.
కరెంటు బిల్లు కట్టలేక మిషను ఆగింది, అదీ నిజమే.
"మిషను కాడికి ఆమె ఎప్పుడూ రాలే సార్,
ఆ యాపారంలో ఆమెది దమ్మిడీ లేదు" అన్నాడు.
సార్ కాదు, జడ్జమ్మ. రాసుకునింది.
నేను అరచేతులు చూసుకున్నా.
పదకొండేండ్లు రాతిబురదలో నాని
గీతలరిగిన చేతులు.
రేషను మిషను కూడా నా బొటనేలిని నమ్మదు.

మొదటి వేలానికి ఎవరూ రాలేదు,
కాపురం ఇరిగిన కొంప మనకొద్దని.
రెండోసారికి రేటు తగ్గించినారు
తడిసిన శనక్కాయలకు తగ్గించినట్ల.
దస్తగిరే పాడినాడు, షెడ్డుకు కలుపుకుంటాడంట.
ఓబులేసు టీ అంగడి కాడ ఇటు వీపు పెట్టి నిలబడినాడు.
ఆ వీపు నాకు తెలుసు.
ఆ చొక్కా ఎవరు ఉతుకుతున్నారో తెలీదు.

నా పేరున చెక్కు వచ్చింది,
చెక్కుబందీలో యాడా పేరు లేనిదానికి.

సేలు ఖాయమైన మూడు వారాలకి దస్తగిరి ఫోను.
"అక్కా, నీళ్ళు రావడంల్యా. వాల్వు యాడుందో
ఆయప్పకు తెలీదంట. నీకేమన్నా..."

పోయినా.
చెప్పులు ఎడంపక్క గూట్లో పెట్టినాక గానీ గుర్తు రాలే
ఇప్పుడిది ఎవరి ఇల్లో.

వంటింటి గడప నుంచి మూడో బండ, గోడవార.
దస్తగిరి గడ్డపారేసి లేపినాడు.
వాల్వు ఉంది, తుప్పు పట్టి,
పక్కన తేలుపిల్ల ఒకటి తోక ఎత్తుకోని.
బండ ఎల్లకిలా పడింది.

దాని వీపున, ఎర్రరంగుతో, 214.
నాలుగు తోకను పొడుగ్గా లాగే నా రాత.

మిషను దిగిన ప్రతి రాయికీ
నంబరు ఏసింది నేను.
అమ్ముడుపోని రాళ్ళే ఇంట్లో పరుచుకుంటిమి.
ఈ గోడ నుంచి ఆ గోడ దాకా
నా రాత మట్టిలోకి మొగం పెట్టి పండుకోనుంది.
కోర్టు పైవైపే కొలిచింది.

ఎవరికన్నా చూపిద్దామనిపించింది.
జడ్జమ్మ బదిలీ అయి పోయింది.

"ఏందక్కా ఈ నంబరు?"
"బండ నంబరు."

గొట్టంలో గాలి గుడగుడలాడి, నీళ్ళొచ్చినాయి.
బండ దించేటప్పుడు అడిగినాడు, ఏ వైపు పైకని.
నున్నంగా ఉండేదే పైకి అన్నా,
తడి మింద జారుతుంది, పిల్లోల్లు పైలం.

చెప్పులు తీసి,
తేలుందేమోనని రెండూ దులిపి
ఏసుకున్నా,
ఆ ఇంట్లో ఎప్పుడూ దులిపినట్లే.